చిన్నప్పుడు భయపెట్టిన బైబిల్‌ని పెద్దయ్యాక మళ్ళీ చదవాలంటే

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. సంఘం పేరు ఇక్కడ అనవసరం. మా ఇంట్లో సినిమా లేదు, బొట్టు లేదు, బంగారం లేదు. తెల్లవారుజామున ఐదింటికి కుటుంబ ప్రార్థన మాత్రం తప్పదు. సండే స్కూల్లో కంఠత వాక్యాల పోటీ పెడితే స్టీలు గిన్నె నాకే వచ్చేది. మా అమ్మ ఇప్పటికీ ఆ గిన్నెల్లోనే పెరుగు తోడు పెడుతుంది. అన్ని వాక్యాలు నోటికి వచ్చినా, ఒక్క పుస్తకాన్నయినా మొదటి నుంచి చివరి దాకా చదివి ఎరగను. సినిమా చూడకుండా డైలాగులు బట్టీ పట్టినట్టన్నమాట. హైదరాబాదు వచ్చి, చర్చి మానేసి, ముప్పై దాటాక బైబిల్ మళ్ళీ తెరిచాను. భక్తి తిరిగొచ్చిందా లేదా అన్నది నా సొంత గొడవ. ఏం చేస్తే నాకు ఊపిరాడిందో అది మాత్రం చెబుతాను.

ముందుగా, పాత ప్రతి వద్దు. బాప్తిస్మం రోజు నాన్న తేదీ వేసి ఇచ్చింది, ఎర్రపెన్నుతో గీతలు గీసింది, మధ్యలో ఉపవాస కూటాల కరపత్రాలు ఉన్నది, దాన్ని భద్రంగా బీరువాలో పెట్టండి. అది తెరిస్తే మీ కళ్ళు గీతల మీదికే పోతాయి. కొత్తది కొనండి. పాత తెలుగు అనువాదం వినగానే ప్రసంగం గుర్తొచ్చి ఒళ్ళు బిగుసుకునేవాళ్ళకు వాడుక భాషలో ఉన్న ఈజీ టు రీడ్ వెర్షన్ నయం. నాకు మాత్రం ఆ పాత తెలుగంటేనే ఇష్టం, కీర్తనలు అందులోనే బాగుంటాయి. ఫోన్‌లో చదివేవాళ్ళు యాప్‌లో రోజులు లెక్కపెట్టే స్ట్రీక్, నోటిఫికేషన్లు ఆపేయండి. మళ్ళీ ఎవరో హాజరు వేసుకుంటున్నట్టు ఉంటుంది.

చోటు, వేళ కూడా మార్చండి. ఐదింటికి వద్దు, మోకాళ్ళ మీద వద్దు. నేను శనివారం మధ్యాహ్నం భోజనం అయ్యాక బాల్కనీలో కుర్చీ వేసుకుంటాను, పక్కన టీ. మొదట్లో పేజీ తిప్పగానే నా చెయ్యి దానంతటదే చున్నీ కోసం వెతికేది, తల మీద ముసుగు లేదని. చున్నీ లోపల హ్యాంగర్‌కి ఉండేది. చెయ్యి వెతికితే వెతకనివ్వండి, మీరు చదువుతూ ఉండండి. కొన్నాళ్ళకు అదే మానేస్తుంది.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలి? ఆదికాండం నుంచి ఏడాదిలో పూర్తి చేసే ప్లాన్ పెట్టుకోకండి. లేవీయకాండంలో బలుల దగ్గర ఆగిపోతారు, ఆగిపోయినందుకు పాత అపరాధభావం ఒకటి. చిన్నవాటితో మొదలుపెట్టండి. రూతు నాలుగు అధ్యాయాలే, యోనా నాలుగే. యోనా అంటే మనకు ఫ్లానెల్ బోర్డు మీద అంటించిన చేప తప్ప ఏమీ గుర్తుండదు. నిజానికి చేప రెండు మూడు వచనాల్లో వచ్చి వెళ్ళిపోతుంది. అసలు కథంతా నీనెవె అనే ఊరు నాశనం కాలేదని అలిగి కూర్చున్న ప్రవక్తది. లక్షా ఇరవై వేల మంది ఉన్న ఊరు, బోలెడన్ని పశువులు, వాటి మీద నేను జాలిపడకూడదా అని దేవుడు అడుగుతాడు. పుస్తకం ఆ ప్రశ్నతోనే అయిపోతుంది. యోనా జవాబు లేదు. మా సండే స్కూల్లో ఆ చివరి భాగం దాకా ఎప్పుడూ రాలేదు.

తర్వాత మార్కు సువార్త, ఒకే బైఠక్‌లో. పదహారు అధ్యాయాలు, గంటన్నర చాలు. చదివేటప్పుడు వచనాల అంకెలు పట్టించుకోకండి. అధ్యాయాల విభజన పదమూడో శతాబ్దంది. కొత్త నిబంధనలో ఇప్పుడు మనం చూసే వచనాల అంకెలు రాబర్ట్ ఎస్టియెన్ అనే ముద్రాపకుడు 1551లో వేసినవి. రాసినవాళ్ళు అంకెలు వేసుకుని రాయలేదు. మూడో అధ్యాయంలో యేసు ఇంటివాళ్ళే ఆయనకు మతి చలించిందని పట్టుకుపోవడానికి వస్తారు. చర్చి మానేశాక బంధువుల ఫోన్లు అందుకున్నవాళ్ళు అక్కడ కాసేపు ఆగుతారు, నేనూ ఆగాను. చివర్లో ఖాళీ సమాధి దగ్గర నుంచి ఆడవాళ్ళు భయంతో పారిపోయి ఎవరికీ ఏమీ చెప్పరు. నాలుగో శతాబ్దపు ప్రతులైన సైనాయ్ ప్రతిలోనూ, వాటికన్ ప్రతిలోనూ మార్కు అక్కడే, 16వ అధ్యాయం 8వ వచనంతోనే ఆగిపోతుంది. మిగతా పన్నెండు వచనాలు వాటిలో లేవు. ఇది తెలిసిన రోజు కోపం రావచ్చు, ఇన్నేళ్ళూ ఒక్కరూ చెప్పలేదని. రానివ్వండి, ఆ పూటకి పుస్తకం మూసేయండి.

అసలు పని ఇప్పుడు. మిమ్మల్ని కొట్టడానికో, అణచడానికో, ఊరించడానికో వాడిన వాక్యాలు ఒక కాగితం మీద రాయండి. రోజుకొకటి చాలు. ఆ వాక్యం కాదు, దాని చుట్టూ ఉన్నదంతా చదవండి. మా ఇంట్లో గోడ మీద వాగ్దానం కార్డు ఏటా మారేది, ఎక్కువసార్లు వచ్చింది యిర్మీయా 29:11. మేలు చేసే ఆలోచనలే గానీ హాని చేసేవి కావు అనే ఆ మాట. అది బబులోనుకు బందీలుగా పోయినవాళ్ళకు రాసిన ఉత్తరంలోది. దాని పై వచనమే డెబ్బై ఏళ్ళయ్యాక అంటుంది. ఇళ్ళు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పిల్లలకు పెళ్ళిళ్ళు చేయండి అని అదే ఉత్తరంలో ఉంది. నా ఇంటర్ మార్కుల కోసం రాసింది మాత్రం కాదు.

ఆడవాళ్ళు సంఘంలో మౌనంగా ఉండాలనేది పౌలు రాసిన మొదటి కొరింథీ ఉత్తరం 14వ అధ్యాయంలోది. అదే ఉత్తరం 11వ అధ్యాయంలో ఆడవాళ్ళు ప్రార్థన చేసేటప్పుడు, ప్రవచించేటప్పుడు తల మీద ముసుగు ఉండాలంటాడు పౌలు. నోరే మెదపకూడనిదానికి ప్రవచించేటప్పటి ముసుగెందుకు? రెండు అధ్యాయాల పేరుతోనూ నన్ను కూర్చోబెట్టారు గానీ, పక్కపక్కన పెట్టి ఎవరూ చదివించలేదు. పండితులు దీనికి రకరకాల సమాధానాలు చెబుతారు. మీరు ముందు ఆ చిక్కును మీ కళ్ళతో చూడండి, చాలు. రోమా 16లో సంఘం పనిలో ఉన్న ఆడవాళ్ళు ఫీబే, ప్రిస్కిల్ల పేర్లు కూడా చూసుకోండి.

నగల సంగతి చెప్పకుండా ఉండలేను. మొదటి తిమోతి 2 చూపించి నా చెవులకు తమ్మెట్లు కూడా పెట్టనివ్వలేదు. ఆదికాండం 24 తెరిస్తే అబ్రాహాము పంపిన సేవకుడు బావి దగ్గర రిబ్కాకు బంగారు ముక్కు కమ్మి, రెండు కడియాలు ఇస్తాడు. పెళ్ళి మాటలకు వెళ్ళిన మనిషి మరి!

బెత్తం వాడాలనే సామెతల గ్రంథం దగ్గర ఎక్కువసేపు ఉండక్కర్లేదు. 26వ అధ్యాయం 4, 5 వచనాలు చూడండి: మూర్ఖుడికి జవాబివ్వకు అని ఒకటి, ఇవ్వు అని మరొకటి, పక్కపక్కనే. ఆ పుస్తకం అలాంటిది, ఎప్పుడు ఏది వాడాలో మనిషే తేల్చుకోవాలి.

సందేహం పాపమని నేర్చుకున్నవాళ్ళు యోబు, ప్రసంగి గ్రంథాలు, 88వ కీర్తన దగ్గరికి తప్పకుండా వెళ్ళాలి. ఆ కీర్తన చివరికి కూడా వెలుగులోకి రాదు, చీకట్లోనే ముగుస్తుంది. అన్నీ పోగొట్టుకున్న యోబు దేవుణ్ణి నిలదీస్తాడు. స్నేహితులు ముగ్గురూ మన కూటాల్లో విన్నట్టే, నీ పాపమే నీకు ఈ గతి పట్టించింది అంటారు. 42వ అధ్యాయంలో దేవుడు మందలించేది ఆ స్నేహితుల్ని. యోబు మాట్లాడినట్టు మీరు సరిగా మాట్లాడలేదు అంటాడు.

ఇంట్లోవాళ్ళ విషయం. మా అమ్మ ఫోన్ చేసి "వాక్యం చదువుతున్నావా అమ్మా?" అంటే "చదువుతున్నానమ్మా, యోనా" అంటాను. అబద్ధం కాదు. ఆవిడకు సంతోషం. క్రిస్మస్ భోజనాల దగ్గర మార్కు ముగింపు గురించి మాట్లాడను. కుటుంబం వాట్సాప్ గ్రూపులో అయితే అస్సలు వద్దు, మేనమామ గారు వాయిస్ మెసేజ్ పెడతారు, పావుగంటది.

చదువుతుంటే గుండె దడ వస్తే, ఊపిరి బిగిస్తే మూసేసి బయటికి వెళ్ళిరండి. ఆపినందుకు రేపు రెండింతలు చదవక్కర్లేదు. రాత్రుళ్ళు పీడకలలు, టెన్షన్ తగ్గకపోతే అది చదివే పద్ధతితో పోయేది కాదు, కౌన్సెలర్‌తో మాట్లాడండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

ప్రకటన గ్రంథం అన్నిటికీ చివర. యూత్ రిట్రీట్‌లో ఎత్తబడుట (విశ్వాసులు ఒక్కసారిగా పరలోకానికి వెళ్ళిపోవడం) వీడియో చూసి, స్కూలు నుంచి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ లేకపోతే అందరూ వెళ్ళిపోయారని ఏడ్చిన పిల్లలు మనలో చాలామంది. చదవాలనిపిస్తే పగలు, మీలాగే పెరిగిన ఒక స్నేహితురాలితో కలిసి, మొదటి మూడు అధ్యాయాలు మాత్రం చదవండి. అవి ఇప్పటి టర్కీలో ఉన్న ఏడు ఊళ్ళ సంఘాలకు రాసినవి. మ్యాపులో ఎఫెసు, స్ముర్న ఎక్కడున్నాయో చూసుకుంటూ చదవండి. చదవాలనిపించకపోతే వదిలేయండి.