రెండో గోల్‌కీపర్ చెప్పే మాట: కాలేజీ ఫుట్‌బాల్ జట్టును జాతీయ పోటీకి ఎలా తీసుకెళ్లాలి

నేను రెండో గోల్‌కీపర్‌ని. మూడేళ్లు జట్టుతో తిరిగి ఆడింది రెండే రెండు మ్యాచ్‌లు. మిగతా కాలమంతా బెంచీ మీద కూర్చున్నాను, టికెట్లు తీశాను, సర్టిఫికెట్ల ఫైలు మోశాను. ఈ విషయం చెప్పడానికి అందుకే నాకు కాస్త ఎక్కువ అర్హత ఉందనుకుంటాను. స్ట్రైకర్‌ను అడిగితే గోల్ ఎలా కొట్టాడో గంటసేపు చెబుతాడు. పద్దెనిమిది మంది ఒకే బోగీలోకి ఎలా చేరారో అతనికి తెలియదు.

ముందు దారి తెలుసుకోండి. హనుమకొండలోనో కాజీపేటలోనో డిగ్రీ చదివే కుర్రాడు జాతీయ పోటీ దాకా వెళ్లాలంటే మొదట కాలేజీ జట్టులో ఉండాలి. తరువాత కాకతీయ విశ్వవిద్యాలయం పరిధిలోని కళాశాలల మధ్య జరిగే పోటీలో కంటబడాలి. అక్కడ ఎంపికైన జట్టు దక్షిణ మండల పోటీకి వెళుతుంది. దేశంలోని విశ్వవిద్యాలయాలను ఏఐయూ (భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం) నాలుగు మండలాలుగా విడదీసి పోటీలు పెడుతుంది. మండలంలో తొలి నాలుగు స్థానాల్లో నిలిచిన జట్లకే అఖిల భారత పోటీలో చోటు. దక్షిణ మండలం అంటే కేరళ జట్లను దాటాలి. ఎవరు ఎవరితో ఆడాలో చెప్పే డ్రాలో కాలికట్ విశ్వవిద్యాలయం పేరు మన పక్కన కనిపిస్తే ఆ రాత్రి గదిలో ఎవరూ పెద్దగా మాట్లాడరు.

మా పాత లెఫ్ట్ బ్యాక్ ఇప్పుడు అమెరికాలో చదువుతున్నాడు. అక్కడ విశ్వవిద్యాలయాల అధికారిక జట్లు వేరు, విద్యార్థులే నడుపుకునే క్లబ్ జట్లు వేరట. క్లబ్ జట్లకు నిర్సా అనే సంస్థ ప్రాంతీయ పోటీలు, వాటిపైన జాతీయ పోటీ నిర్వహిస్తుందట. చందాలు వసూలు చేయడం, ప్రయాణం చూసుకోవడం అన్నీ విద్యార్థుల పనే అని గొప్పగా చెప్పాడు. నాకు నవ్వొచ్చింది. ఇక్కడ మనం చేసిందేమిటి మరి?

ఇక పని. బంతి కంటే ముందు ఫైలు కొనండి, ప్లాస్టిక్ జేబులున్న ఫైలు. ఒక్కో ఆటగాడికి రెండు జేబులు: ఒకదానిలో అసలు పత్రాలు, రెండోదానిలో నకళ్లు. పుట్టిన తేదీకి పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, ఈ ఏడాది ఫీజు రసీదు, బోనఫైడ్ సర్టిఫికెట్, ఆధార్, ఆరు పాస్‌పోర్టు ఫొటోలు. విశ్వవిద్యాలయ పోటీలకు వయసు నిబంధన ఉంటుంది. ఇంటర్ ఎప్పుడు పూర్తి చేశారన్నదీ చూస్తారు. నా మొదటి ఏడాది ఒక ఫార్వర్డ్ ఇంటర్ మెమో అసలుది హాస్టల్ పెట్టెలోనే వదిలేశాను. తప్పు అతనిది కాదు, ఫైలు నాది. పరిశీలన బల్ల దగ్గర నకలు చెల్లలేదు. మొదటి మ్యాచ్ అంతా అతను నా పక్కనే, బెంచీ మీద, ఒక్క మాట కూడా మాట్లాడకుండా కూర్చున్నాడు. మేము ఒక గోల్ తేడాతో ఓడిపోయాం. ఆ రోజు నుంచి ప్రయాణానికి ముందు రోజు సాయంత్రం ఫైలును పీడీ సార్ (కాలేజీ వ్యాయామ అధ్యాపకుడు) ముందు ఒక్కో కాగితం చదువుతూ సరిచూస్తున్నాను. మీరూ అలాగే చేయండి. సీళ్లు, సంతకాలు పది రోజుల ముందే పూర్తి కావాలి. సంతకం చేయాల్సినవారు సరిగ్గా ఆఖరి రోజే సెలవులో ఉంటారు.

జట్టు ఎంపికలో అందరూ మొదటి పదకొండు మంది గురించి తగవులాడుకుంటారు. నన్నడిగితే పన్నెండు నుంచి పద్దెనిమిది వరకు ఎవరన్నదే అసలు ప్రశ్న. పోటీలో తెల్లారితే మళ్లీ మ్యాచ్ ఉంటుంది. మూడో రోజుకు ఇద్దరి పిక్కలు పట్టేస్తాయి, ఒకరికి కడుపు చెడుతుంది. ఇప్పుడు మ్యాచ్‌కు ఐదుగురిని మార్చుకోవచ్చు, అంటే మైదానంలో ఉన్నవారిలో దాదాపు సగం మందిని. ఆ ఐదుగురు సాధనలో ఎప్పుడూ కోన్లు ఏరుకునే పనిలోనే ఉండి ఉంటే, డెబ్బయ్యో నిమిషంలో లోపలికి పంపి ఏమి ఆశిస్తారు? వారానికి ఒక సాధన మ్యాచ్‌ను పూర్తిగా రెండో జట్టు చుట్టూ నడపండి. మొదటి జట్టు వాళ్లు వాళ్లకు ఎదురు ఆడాలి. ఒక స్థానం కాకుండా రెండు స్థానాల్లో ఆడగలిగినవాడిని, కొంచెం తక్కువ ప్రతిభ ఉన్నా, తీసుకోండి. ఓడిన రాత్రి నలుగురినీ నవ్వించేవాడు ఒకడు ఉన్నా మంచిదే. కానీ ఆ ఒక్క గుణంతో ఎంపిక చేయవద్దు, మేము చేసి చూశాం.

సాధన సంగతి. మన దగ్గర చాలా మైదానాలు ఎర్రమట్టివి, గట్టివి. బంతి ఎత్తుగా లేస్తుంది, ఆపడానికి సమయం దొరుకుతుంది. పోటీ పచ్చిక మీద ఉంటే, అదీ ఉదయపు మంచులో తడిసి ఉంటే, బంతి లేవదు, జారిపోతుంది. మొదటి ఇరవై నిమిషాలు మన వాళ్లు బంతి వెనకాల పరుగెత్తుతూనే ఉంటారు. బయలుదేరే ముందు నాలుగైదు రోజులైనా పచ్చిక దొరికే చోట ఆడే ఏర్పాటు చేసుకోండి. అది కుదరకపోతే తెల్లవారుజామున మట్టిని తడిపి, నేల మీద గట్టిగా పాస్‌లు ఇచ్చుకోండి. మట్టి మీద వాడే పొట్టి రబ్బరు ముళ్ల బూట్లు పచ్చిక మీద జారతాయి. రెండో జత కొంటే కనీసం రెండు వారాలు తొడుక్కుని తిరగండి. కొత్త బూట్లతో రైలెక్కినవాడు బొబ్బలతో దిగుతాడు.

దమ్ము కోసం వడ్డేపల్లి చెరువు కట్ట మీద పరుగు మంచిదే, గాలి బాగుంటుంది. అయితే ఒకే వేగంతో ఐదు కిలోమీటర్లు పరుగెత్తితే కట్ట మీద పరుగు వస్తుందే కాని ఫుట్‌బాల్ రాదు. ముప్పై మీటర్లు ప్రాణం పెట్టి పరుగెత్తడం, నడిచి వెనక్కి రావడం, మళ్లీ పరుగు. మ్యాచ్ అలాగే ఉంటుంది.

హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ గురించి మీకు తెలిసే ఉంటుంది. 1951లోనూ 1962లోనూ భారత జట్టుకు ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చిపెట్టిన మనిషి, బడి పంతులుగా పనిచేసినవాడు. ఆయన బలహీనమైన కాలితో మాత్రమే ఆడాలనే షరతుతో పోటీలు పెట్టేవాడని చెబుతారు. మేము శనివారాల్లో అరగంట అలా ఆడాం. మొదటి రెండు వారాలు చూడలేనంత ఘోరంగా ఉంది. ఆరో వారానికి మా రైట్ బ్యాక్ ఎడమ కాలితో క్రాస్ వేశాడు. మైదానం పక్కన టీ తాగుతున్నవాళ్లు కూడా చప్పట్లు కొట్టారు.

క్యాలెండర్ విషయం బయటి ఊళ్ల కోచ్‌లకు తెలియదు. బతుకమ్మ, దసరా సెలవుల్లో జట్టు సగం ఊళ్లకు వెళ్లిపోతుంది, పది రోజులు సాధన ఉండదు. ఆ ఖాళీని ముందే లెక్కలో వేసుకోండి, తిట్టుకుని లాభం లేదు. రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతర వారంలో ఆర్టీసీ బస్సులన్నీ అటే మళ్లుతాయి. 2026లో అది జనవరి 28 నుంచి 31 వరకు. జాతర రోజుల్లో జట్టును బస్సులో ఎక్కడికీ తీసుకెళ్లే ఆలోచన పెట్టుకోవద్దు.

రైలు రిజర్వేషన్ ఇప్పుడు అరవై రోజుల ముందు తెరుచుకుంటుంది. ఒక టికెట్ మీద ఆరుగురికి మించి ఎక్కించలేరు. పద్దెనిమిది మంది ఆటగాళ్లు, పీడీ సార్, మేనేజర్ అంటే నాలుగు టికెట్లు. ఇద్దరు గోల్‌కీపర్లను ఒకే టికెట్‌లో పెట్టకండి. వెయిటింగ్ లిస్టులో ఉండిపోయే టికెట్ సరిగ్గా అదే అవుతుంది. తేదీలు ఖరారయ్యేసరికి అరవై రోజులు మిగలవు కాబట్టి, తేదీలు వచ్చిన రోజే కూర్చుని టికెట్లు తీయండి. సాయంత్రం చూద్దాంలే అన్న ఏడాది కాజీపేట నుంచి కొందరం తలుపు దగ్గర కూర్చుని వెళ్లాం.

తిండి: రైల్లో ఇంటి తిండే. ఒకరి ఇంటి సకినాలు, ఇంకొకరి ఇంటి సర్వపిండి, అందరికీ పులిహోర. అమ్మలకు ఒక మాట చెప్పండి, పచ్చడి సీసా ఒకటి చాలు. పద్దెనిమిది సీసాలు వస్తే ఒకటి తప్పకుండా జెర్సీల సంచిలో పగులుతుంది. మ్యాచ్‌కు మూడు గంటల ముందు అన్నం, నూనె తక్కువ కూర లేదా పెరుగు. అరటిపండ్లు దగ్గర ఉంచుకోండి. బిర్యానీ ఆఖరి మ్యాచ్ తరువాత.

సంచిలో మరిచిపోయేవి: రెండు రంగుల జెర్సీలు, గోల్‌కీపర్‌కు మూడో రంగు, అందరికీ షిన్ ప్యాడ్‌లు (అవి లేనిదే రిఫరీ ఆడనివ్వడు), గాలి పంపు, దానికి సూదులు రెండు. సూది విరిగిపోయిన రోజున మెత్తని బంతితో వార్మప్ చేశాం.

పోటీ నిబంధనల కాగితం దొరకగానే చదవండి, గోల్‌కీపర్లతోనూ చదివించండి. ముందు నాకౌటా, గ్రూపులా? పాయింట్లు సమానమైతే మొదట చూసేది గోల్స్ తేడానా, మీ ఇద్దరి మధ్య మ్యాచ్ ఫలితమా? పసుపు కార్డులు ఎన్ని అయితే తరువాతి మ్యాచ్ పోతుంది? 2018 ప్రపంచ కప్‌లో జపాన్, సెనెగల్ జట్లకు పాయింట్లు, గోల్స్ అన్నీ సమానమయ్యాయి. పసుపు కార్డులు ఎక్కువైనందుకు సెనెగల్ ఇంటికి వెళ్లింది. రిఫరీతో వాదించి కార్డు తెచ్చుకునేవాడికి ఈ కథ రెండుసార్లు చెప్పండి. కార్డుల పుస్తకం బెంచీ మీద ఉన్నవాడు రాయాలి. నేనే రాసేవాణ్ని.

పెనాల్టీలు సాధన మొదట్లో కాదు, చివర్లో, కాళ్లు లాగుతున్నప్పుడు కొట్టించండి. తాజా కాళ్లతో ఎవరైనా కొడతారు. గోల్‌కీపర్‌కు ఒక మాట: కిక్ కొట్టే క్షణానికి ఒక పాదమైనా గోల్ గీత మీద, లేదా గీతకు సరిగ్గా పైన గాలిలో, లేదా గీత వెనుక ఉండాలి. ఇంకొకటి, 2025 నుంచి బంతిని చేతుల్లో ఎనిమిది సెకన్లకు మించి పట్టుకుంటే ఎదుటి జట్టుకు కార్నర్ కిక్ ఇస్తారు. పాత ఆరు సెకన్ల నియమాన్ని ఎవరూ పట్టించుకోలేదు కదా అని ధీమాగా ఉండొద్దు. ఇప్పుడు చివరి ఐదు సెకన్లు రిఫరీ చెయ్యెత్తి వేళ్లతో లెక్కపెడతాడు.

నేను ఆడిన రెండు మ్యాచ్‌ల్లో ఒకటి అలా పెనాల్టీల దాకా వెళ్లింది. రెండు ఆపాను. మొదటి గోల్‌కీపర్ వేలు విరగడం వల్ల దక్కిన అవకాశం అది, అందుకని మనసారా సంతోషించలేకపోయాను. నాకు గ్లౌజులు తొడిగింది అతనే, విరగని చేత్తో.

తిరిగొచ్చాక వారంలో లెక్క అప్పగించండి. ఇప్పటి రసీదులు చాలావరకు వేడితో అచ్చుపడే థర్మల్ కాగితం మీదివే. మన ఎండకు ఏప్రిల్ నాటికి తెల్లగా అయిపోతాయి. రైలు దిగిన రోజే వాటికి జిరాక్సు తీయించి, ఫైలులో చివరి జేబులో పెట్టి, ఆ ఫైలును వచ్చే ఏడాది రెండో గోల్‌కీపర్ చేతికి ఇవ్వండి.