డార్క్‌రూమ్‌లో ఏసీ ఉన్నా ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉండాల్సిందే

విజయవాడ వేసవిలో ఇంట్లోనే ఫిల్ము కడిగి ప్రింట్లు వేసుకునేవారు ఆ పనిచేసే చీకటి గది (డార్క్‌రూమ్) తలుపులు బిగించి ఏసీ వేసుకోవడం సహజమే గానీ, స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే చల్లబరచి తిప్పుతుంది తప్ప బయటికి పంపదు కనుక, ఆమ్ల ఫిక్సర్ (బొమ్మను స్థిరపరిచే ద్రావణం) నుంచి వెలువడే సల్ఫర్ డయాక్సైడ్, స్టాప్ బాత్ (బొమ్మ తేలడాన్ని ఆపే ద్రావణం) నుంచి వచ్చే ఎసిటిక్ ఆమ్లపు ఆవిరి అక్కడే పేరుకుపోతాయి. ఘాటైన వాసనను మొదట ముక్కు పసిగట్టినా కాసేపటికి అలవాటు పడిపోతుంది కాబట్టి దానిని నమ్ముకోరాదు. ఈ ద్రావణాలు పోసిన ట్రేలకు అవతలి గోడకు ఎగ్జాస్ట్ ఫ్యాన్ అమర్చితే ఆవిరి మన ముఖం మీదుగా కాక ఎదురుగా బయటికి పోతుంది. ద్రావణం వేడెక్కే కొద్దీ ఆవిరి పెరుగుతుంది. ఎండకు కాగిన మిద్దె మీది ట్యాంకు నీటిని నేరుగా వాడకుండా, ట్రేలలోని ద్రావణాలను 20 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉంచుకోవాలి.

స్టాప్ బాత్ కలిపేటప్పుడు గాఢ ఎసిటిక్ ఆమ్లాన్ని నీటిలోకి కొద్దికొద్దిగా పోయాలే గానీ ఆమ్లంలోకి నీళ్లు పోయరాదు. బొమ్మను తేల్చే ద్రావణమైన డెవలపర్‌లోని మెటాల్, హైడ్రోక్వినోన్ అనే రసాయనాలు కొందరి చర్మానికి పడవు కనుక నైట్రైల్ చేతితొడుగులు వేసుకోవాలి. ఇక ఖాళీ కూల్‌డ్రింక్ సీసాలలో రసాయనాలు నింపి దాచడం, నా దృష్టిలో, అన్నిటికన్నా ప్రమాదకరం: తాజా ఫిక్సర్ చూపుకు అచ్చం మంచినీళ్లలాగే ఉంటుంది.