‘ఎసే’ అక్షరాలు చూసి పైసలియ్యకండి: ఫ్రాన్సు నమూనా నాణేలు కొనే తీరు

కొత్త నాణేనికి అచ్చు ఖాయం చేసే ముందు పారిస్ టంకశాల కొన్ని నమూనాలు కొట్టి చూస్తుంది. వాటి మీద ఈ, ఎస్, ఎస్, ఏ, ఐ అనే అయిదు అక్షరాలు ఉంటాయి. చదివితే మనకు ఠాణాలో ఎస్సై గుర్తొస్తాడు గానీ, ఫ్రెంచిలో పలికేది ‘ఎసే’. పరీక్ష అని అర్థం.

మొదటి కొనుగోలుకు 1959 నాటి ‘విత్తులు చల్లే స్త్రీ’ 1 ఫ్రాంకు, 5 ఫ్రాంకుల నమూనాలు మంచివి. కొత్త ఫ్రాంకు 1960 జనవరి 1న అమల్లోకి వచ్చింది, బజారు నాణేలు ఆ ఏటి తేదీతోనే మొదలవుతాయి. కాబట్టి 1959 అన్న తేదీయే సగం సాక్ష్యం. 1970 నాటి 5 ఫ్రాంకులతోనే చిక్కు: ఆ తేదీతో నమూనా ఉంది, బజారులో తిరిగినవీ కోట్లల్లో ఉన్నాయి. మామూలు బిళ్ల మీద అక్షరాలు అతికిస్తే చాలు, ధర ఎన్నో రెట్లవుతుంది. పదింతలు పెద్దగా చూపే భూతద్దంతో అక్షరాల మొదలు చూడండి. సన్నని గీత గానీ, చుట్టూ గీకిన జాడ గానీ కనబడితే వదిలెయ్యండి.

తర్వాత తూకం. నల్లగొండలోనైనా పాలమూరులోనైనా అవుసలి దుకాణంలో గ్రాములో వందో వంతు చూపే కాటా ఉంటుంది. 1959 నాటి 1 ఫ్రాంకు నికెల్: 6 గ్రాములు, 24 మిల్లీమీటర్లు, అయస్కాంతానికి అంటుకోవాలి. 5 ఫ్రాంకులది 83.5 శాతం వెండి: 12 గ్రాములు, 29 మిల్లీమీటర్లు, అంటుకోవద్దు. దాన్ని దారంతో కట్టి నీళ్లలో వేలాడదీసి తూస్తే సుమారు 1.18 గ్రాములు తగ్గాలి. అంతకంటే బాగా ఎక్కువ తగ్గితే అది తక్కువ సాంద్రత లోహం. తీశాక మెత్తని గుడ్డతో అద్దండి, రుద్దొద్దు. 1970 నాటి 5 ఫ్రాంకులది 10 గ్రాములే.

తూకం సరిగ్గా రెట్టింపుంటే తొందరపడి దొంగదనకండి. అదే అచ్చుతో రెండింతల మందాన కొట్టే ‘పియేఫోర్’ కావచ్చు, దాని ధర వేరు.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఫ్రాన్సు దేశాధినేత పెతాఁ బొమ్మ ఉన్న 1941 నాటి 5 ఫ్రాంకులను కూడా నమూనా అని అమ్ముతుంటారు. అది చలామణికి రాలేదన్నది నిజమే, కానీ పెద్దఎత్తున కొట్టి ఆపేసిన నాణెం. ‘ఎసే’ ముద్ర లేకుండా నమూనా ధర పెట్టొద్దు.

చింతపండుతో తోమితే ఇత్తడి చెంబు మెరుస్తుంది, నాణెం విలువ పోతుంది. పీవీసీ సంచీల్లో పెడితే మన ఎండలకు పచ్చటి జిగురు పడుతుంది. మైలార్ అనే పాలిస్టర్ కవరులో పెట్టి, వానాకాలం డబ్బాలో సిలికా జెల్ పొట్లం వెయ్యండి.

విదేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం, పోస్టు ఖర్చు కలుపుకొనే బేరమాడండి.