రెండు మగ తిమింగలాలు పక్కపక్కన తేలితే ఏం రాసుకోవాలి

మేముండేది న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో. తిమింగలాలు కనిపించే తీరపు ఊరు కైకోరా కారులో రెండున్నర గంటలు. ఆరేళ్లుగా ఏడాదికి నాలుగైదుసార్లు వెళ్లి పడవెక్కుతున్నాను. అక్కడ కనిపించే స్పెర్మ్ వేల్స్ (ఒక రకం పెద్ద తిమింగలాలు) దాదాపు అన్నీ మగవే. ఆడవి, పిల్లలు వెచ్చటి నీళ్లలోనే ఉండిపోతాయి. మొదటి ఏడాది రెండు దగ్గరగా తేలితే "అన్నదమ్ములు" అని వాట్సాప్‌లో పెట్టేశాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఫొటో తీయాల్సింది తలను కాదు, తోకను. పైకొచ్చిన తిమింగలం పది నిమిషాల దాకా ఊపిరి తీసుకుంటూ దుంగలా పడి ఉంటుంది. అంతసేపూ కెమెరా కంటికి ఆనించుకుంటే చేతులు పడిపోతాయి, దించేయండి. వీపు విల్లులా వంగిందంటే మునగబోతోందన్నమాట. తోక నిలువుగా లేచే ఆ రెండు మూడు సెకన్లే మీవి. వెనక అంచున ఉన్న గాట్లు, చిరుగులే దాని వేలిముద్ర. పడవ దాని వెనక వైపుంటే బాగా పడతాయి. షట్టర్ సెకనులో వెయ్యో వంతు కంటే నిదానంగా పెట్టొద్దు. తప్పిపోతే మళ్లీ ముప్పావుగంటో గంటో ఆగాలి.

బయల్దేరే ముందు కెమెరా గడియారం చూసుకోండి. నాది ఒక వేసవంతా ఇండియా టైములోనే ఉండిపోయింది. ఉదయం పదింటికి తీసిన తోకలు తెల్లవారుజాము రెండున్నరకు నమోదయ్యాయి!

ఇక జత సంగతి. కైకోరా తీరానికి అంత దగ్గర్లో సముద్రం అడుగున వెయ్యి మీటర్ల లోతు దాటిన లోయ ఉంది కాబట్టి, తిండి కోసం అన్నీ అక్కడికే చేరతాయి. ఒకే రైతుబజారులో కూరలు కొంటున్న ఇద్దరూ చుట్టాలు కారు కదా. అందుకే పక్కపక్కనే, ఒకే దిక్కుకు, ఇంచుమించు ఒకేసారి మునిగితేనే "కలిసి" అని రాస్తాను. అదీ ఒక్క రోజుతో తేలదు. వేరే నెలలో, వేరే ఏడాదిలో అవే రెండు తోకలు మళ్లీ జతగా కనబడాలి. జపాన్ ఉత్తరాన నెమురో జలసంధిలో పరిశోధకులు ఇలాగే తోకలు పోల్చి చూస్తే, కొన్ని మగవాటి మధ్య సాంగత్యం ఏళ్ల తరబడి నిలిచినట్టు తేలింది.

చుట్టరికం మాత్రం ఫొటోలో దొరకదు. తిమింగలం మునిగిన చోట రాలిన చర్మం ముక్కలు తేలుతుంటాయి, వాటిలో డీఎన్ఏ ఉంటుంది. అనుమతి లేకుండా వాటి జోలికి పోకండి, అది పరిశోధకుల పని. మైటోకాండ్రియా (కణానికి శక్తినిచ్చే భాగాలు) డీఎన్ఏ తల్లి నుంచే వస్తుంది, తల్లి వైపు ఇంటిపేరు అనుకోండి. చిక్కేమిటంటే ప్రపంచంలోని స్పెర్మ్ వేల్స్ అన్నిటికీ కలిపి ఈ ఇంటిపేర్లు చాలా తక్కువ. రెండింటికీ ఒకటే ఉన్నంత మాత్రాన అన్నదమ్ములైపోవు. కణ కేంద్రకంలోని డీఎన్ఏ కూడా పోల్చాలి. కలిసి ఉన్నంత మాత్రానా చుట్టాలు కావు: 2016 మొదట్లో ఐరోపాలోని ఉత్తర సముద్ర (నార్త్ సీ) తీరాల్లో 30 కుర్ర మగ తిమింగలాలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. చూసినవాళ్లు ఒకే కుటుంబం అనుకుంటారు. పరీక్షిస్తే వేర్వేరు తల్లుల వంశాలవి.

నా నోటుపుస్తకంలో "చుట్టరికం" అనే గడి ప్రతి పేజీలో ఖాళీగానే ఉంటుంది. "కలిసి మునిగాయి" గడిలో ఆరేళ్లకు మూడు టిక్కులు.