ఫోన్‌లో చూసే పాఠాన్ని తేలిగ్గా, పనికొచ్చేలా తయారు చేయడం ఎలా?

పలాసలోనో సోంపేటలోనో చదివే ఎనిమిదో తరగతి పిల్లలకు శాతాలు ఆన్‌లైన్‌లో నేర్పాలనుకోండి. చాలామందికి దొరికేది ఇంట్లోవాళ్ల ఫోన్, అదీ సాయంత్రం కాసేపు. ఆ కాసేపట్లో ఒక్క విషయమైనా పక్కాగా రావాలి.

ముందుగా, పాఠం అయ్యాక పిల్లలు ఏం చేయగలగాలో ఒక్క వాక్యంలో రాసుకోండి. "శాతాలు అర్థం చేసుకోవడం" అని రాస్తే, అర్థమైందో లేదో తేల్చలేం. "మొత్తంలో ఒక భాగం ఎంత శాతమో లెక్కగట్టడం" అని రాయండి. వడ్డీ, లాభనష్టాలు ఇంకో పాఠానికి ఉంచుకోండి.

తర్వాత ప్రశ్న రాయండి, పాఠం కంటే ముందే. 80 కిలోల జీడిపిక్కల బస్తా నుంచి 20 కిలోల పప్పు వస్తే, అది ఎంత శాతం? జవాబు 25. తప్పు ఆప్షన్లను మాత్రం ఏవో అంకెలతో నింపకండి. 20 ఎంచుకున్నవాళ్లు కిలోలనే శాతం అనుకున్నారు. 400 అన్నవాళ్లు భాగాన్నీ మొత్తాన్నీ తారుమారు చేశారు. 4 అన్నవాళ్లు అలాగే తిరగేసి, పైగా వందతో గుణించడం మరిచిపోయారు. గూగుల్ ఫామ్స్ క్విజ్‌లో తప్పు జవాబుకు వివరణ పెట్టే వీలుంది. ఈ మూడు పొరపాట్లూ అక్కడ రాయండి. నా దృష్టిలో మొత్తం పనిలో ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. ఉత్త ఎర్ర గుర్తు చూసి ఎవరూ ఏమీ నేర్చుకోరు.

ఇప్పుడు వీడియో. 2014లో పరిశోధకుడు ఫిలిప్ గువో బృందం ఎడ్‌ఎక్స్ అనే ఆన్‌లైన్ చదువుల వేదికలోని కోర్సులను పరిశీలిస్తే, ఆరు నిమిషాల లోపు వీడియోలనే విద్యార్థులు ఎక్కువ శ్రద్ధగా చూస్తున్నారని తేలింది. ఐదు నిమిషాలకు కుదించండి. తెర మీది వాక్యాలనే చదివి వినిపించకుండా, బస్తా బొమ్మ, పప్పు బొమ్మ చూపిస్తూ మాట్లాడండి. మధ్యలో "ఇక్కడ ఆపి నోట్‌బుక్‌లో చేయండి" అని చెప్పండి. సిగ్నల్ సరిగా అందని ఊళ్లకు ఆడియో కూడా పంపాలి. 64 కేబీపీఎస్ (సెకనుకు 64 కిలోబిట్లు) నాణ్యతలో ఐదు నిమిషాల ఆడియో 2.4 ఎంబీ మాత్రమే.

నోట్స్‌ను అను అనే పాత డీటీపీ ఫాంట్లలో టైప్ చేసి అలాగే పంపితే ఫోన్‌లో పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. అన్ని ఫోన్లూ చదవగలిగే యూనికోడ్‌లోనే టైప్ చేయండి. నోటో సాన్స్ తెలుగు, మండలి ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. లైన్ల మధ్య ఎడం కాస్త ఎక్కువే ఉంచండి. పై లైను ఒత్తులు కింది లైను గుడులకు తగిలితే చిన్న తెర మీద చదవడం కష్టం. అంతా ఒక్క పేజీలో పట్టేలా చూసి, ప్రింటు కూడా ఇవ్వండి. 2018లో తిత్లీ తుపానుకి పలాస, సోంపేట వైపు ఉద్దానంలో కరెంటు లేక ఎంత అవస్థ పడ్డారో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు.

అందరికీ పంపేముందు ఒకరికి ఇచ్చి, పక్కన మాట్లాడకుండా కూర్చోండి. ఎక్కడ వెనక్కి జరిపి చూశారో ఆ చోటు మార్చండి. రెండు మూడు రోజులయ్యాక వాట్సాప్ గ్రూపులో ఇంకో లెక్క పెట్టండి: 50 కొబ్బరికాయల్లో 15 కుళ్లిపోతే ఎంత శాతం? వీడియో చూడకుండానే చేయమనండి.