పాత కంప్యూటర్ల సంరక్షణ – 3వ పాఠం: కాగితం రోలు, రిబ్బను

పోయిన పాఠంలో మూత తీసి దుమ్ము దులపడం దాకా వచ్చాం. ఇక ఎప్సన్ హెచ్‌ఎక్స్-20 లాంటి పాత కంప్యూటర్ల లోపలే ఉండే చిన్న ప్రింటరు సంగతి.

సరుకు కోసం వెతికేటప్పుడు కంప్యూటరు పేరు ఎత్తకండి. ‘ఎప్సన్ హెచ్‌ఎక్స్-20కి రిబ్బను ఉందా’ అంటే నెల్లూరు ట్రంక్ రోడ్డులో మీ ముఖం వంక చూస్తారు. 1980ల మొదట్లో వచ్చిన ఆ మిషనులో ఉన్నది బిల్లులు కొట్టే ప్రింటర్ల జాతిదే. వరసకు 24 అక్షరాలు, 57–58 మి.మీ. వెడల్పు కాగితం, ఈఆర్‌సీ-09 రిబ్బను. కాబట్టి బిల్లింగ్ మిషన్లు అమ్మే, రిపేరు చేసే షాపుకి వెళ్లి రిబ్బను నంబరు చెప్పండి. అట్టపెట్టె మీద 09/22 అని కలిపి ఉన్నా అదే. దొరక్కపోతే ఆన్‌లైన్‌లో కూడా ఆ నంబరుతోనే వెతకండి.

పాత రిబ్బనుకి స్టాంపు ప్యాడ్ సిరా పోసి నడిపించే వాళ్లున్నారు. నేనైతే ఒప్పుకోను. రిబ్బను సిరాలో ఉండే జిడ్డే అక్షరాలు కొట్టే లోపలి సూదులకు నూనె. స్టాంపు సిరాలో అది ఉండదు, పైగా ఎండి పట్టేస్తుంది. వందల్లో పోయే రిబ్బను కోసం మళ్లీ దొరకని ప్రింటరుని పణంగా పెట్టడం ఎందుకు?

కాగితం దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. షాపులో సంభాషణ ఇలా ఉంటుంది:

“అన్నా, 57 రోలు ఒకటి ఇయ్యి.”

“కార్డు మిషనుదేనా?”

ఇక్కడ తల ఊపారో, చేతికి థర్మల్ రోలు, అంటే వేడి తగిలితే నల్లబడే కాగితం వస్తుంది. హెచ్‌ఎక్స్-20 సూదులతో కొట్టే రకం, దానికి సాదా కాగితం కావాలి. 1978 నాటి రాక్‌వెల్ ఎయిమ్-65, 1980లో వచ్చిన హెచ్‌పీ-85 కంప్యూటర్ల ప్రింటర్లు మాత్రం వేడితో అచ్చు వేస్తాయి. వాటికి థర్మలే కావాలి. సాదా కాగితం పెడితే ఒక్క అక్షరం పడదు, అచ్చు వేసే హెడ్డు అరుగుతుంది కూడా. హెచ్‌పీ-85 కాగితం వెడల్పు కూడా వేరు, కార్డు మిషను రోలు దానికి చాలదు.

తేడా తెలుసుకోడానికి గోరు చాలు. కాగితం మీద గట్టిగా గీయండి. నల్ల గీత పడితే థర్మల్. ఏ వైపు పడిందో ఆ వైపే హెడ్డుకి తగలాలి. రోలు లావుగా ఉండి అరలో పట్టకపోతే కావలసినంత విప్పి సన్నగా చుట్టుకోండి, బలవంతంగా కుక్కవద్దు.

థర్మల్ కాగితానికి మన మే నెల ఎండలు పడవు. రేకుల గదిలో, కారు డాష్‌బోర్డు మీద రోళ్లు ఉంచితే వాడకముందే మసకబారతాయి. పాత ప్రింటవుట్లు చేతికొస్తే ముందు స్కాన్ చేయండి. ప్లాస్టిక్ కవర్లలో పెడితే అక్షరాలు మాయమవుతాయి. లామినేషన్ మాట తలపెట్టకండి, ఆ వేడికి కాగితం మొత్తం నల్లబడుతుంది.

సాదా కాగితానికి గండం అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. ముసురు పట్టినప్పుడు చెమ్మకి ఉబ్బి దారిలో ఇరుక్కుంటుంది. కొత్తపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉప్పుగాలి కూడా తోడవుతుంది. బిగుతు మూత డబ్బాలో చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి రోళ్లు దాచండి. ప్రింటరులో రోలు వదిలేయకండి.

కాగితాన్ని లాగే రబ్బరు రోలరుని పెట్రోలుతో, థిన్నరుతో తుడవద్దు. సెల్‌ఫోన్ రిపేరు షాపుల్లో ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) అని అడిగితే ఇస్తారు. బట్టకి కాస్త అద్ది తుడిచి ఆరనివ్వండి. రబ్బరు జిగురులా చేతికి అంటుకుంటుంటే మాత్రం తుడిచి లాభం లేదు, రోలరు మార్చాల్సిందే.

ఈ వారం అభ్యాసం: ఇంట్లో ఉన్న బిల్లులన్నీ గోటితో గీసి రెండు కుప్పలు చేయండి. మీ హెచ్‌ఎక్స్-20 ఇప్పటికే నడుస్తుంటే, ప్రింటరుకి పంపే బేసిక్ భాషలోని ఎల్‌ప్రింట్ (LPRINT) ఆజ్ఞతో ఒకే అక్షరాన్ని 24 సార్లు కొట్టించండి. వరస మొత్తం వెలిసినట్టుంటే రిబ్బను అయిపోయింది. ప్రతి వరసలో ఒకే చోట ఖాళీ వస్తుంటే తప్పు రిబ్బనుది కాదు, సూదిది.

వచ్చే పాఠం బ్యాటరీలు. మూలనపడి ఉన్న మిషనైతే అప్పటిదాకా ఛార్జరు తగిలించకండి.