పాత దర్వాజా కలపతో సోఫా పక్కకు ఒక మోటు బల్ల

మోటు బల్ల అనగానే ఎలా చేసినా చెల్లిపోతుందని చాలామంది అనుకుంటారు. పలక మీద పాత మేకుల గుర్తులు, సన్నని పగుళ్లు, బాడిస దెబ్బలు ఎన్ని ఉన్నా అందమే తప్ప చేటు లేదన్న మాట నిజమే. కానీ కాళ్లూ అడ్డపట్టీలూ కలిసే చోట కాగితం దూరేంత సందు మిగిలితే ఆ బల్ల త్వరలోనే ఊగడం మొదలుపెడుతుంది. మోటుదనాన్ని పై ముఖానికే వదిలి, కీళ్ల దగ్గర మాత్రం నగిషీ పనికి చూపేంత శ్రద్ధ చూపాలి.

హైదరాబాద్‌లో పాత ఇళ్లు కూల్చి అపార్టుమెంట్లు కట్టేటప్పుడు టేకు దర్వాజాలు, దూలాలు, వాసాలు బయటికి వస్తాయి. కలప అడితులు ఎక్కువగా ఉన్న బోయిగూడ, ముషీరాబాద్ వైపు వెళ్లి, కొత్త కలపతో పాటు పాత కలప కూడా ఉందేమో అడగండి. ఏళ్ల తరబడి ఎండలూ వానలూ చూసి ఆరిన కలప కొత్తదానికంటే తక్కువగా మెలితిరుగుతుంది. కొనేటప్పుడు కోసిన అంచు చూడండి: మధ్యలో ముదురు రంగులో ఉండే చేవ భాగాన్నే తీసుకోవాలి. చేవ చుట్టూ ఉండే తెల్లటి భాగం పురుగుకూ చెదలకూ ఇష్టమైన ఆహారం. సన్నని రంధ్రాల నుంచి పిండిలాంటి పొట్టు రాలుతున్న చెక్కను ఎంత చవకగా ఇచ్చినా ఇంటికి తేవద్దు. టేకు అందకపోతే తుమ్మ, వేప కూడా మంచివే. మామిడి చెక్కకు పురుగు తొందరగా పడుతుంది కాబట్టి పురుగు మందు పట్టించినదే కొనాలి. జీడిమెట్ల, బాలానగర్ ఫ్యాక్టరీల నుంచి వచ్చే ప్యాకింగ్ పెట్టెల చెక్క వాడదలిస్తే దాని మీది ముద్ర చదవండి: 'హెచ్‌టీ' అని ఉంటే వేడితో శుద్ధి చేసినది, 'ఎంబీ' అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ వాయువు పట్టించినది. రెండోదాన్ని ఇంట్లోకి రానివ్వకపోవడమే మేలు.

కొలతల విషయానికి వస్తే, బల్ల ఎత్తు సోఫా చేతికి సమానంగా గానీ ఒక అంగుళం తక్కువగా గానీ ఉండాలి. ఎత్తు పెరిగితే చాయ్ కప్పు అందుకునేటప్పుడు మోచేయి పైకి లేపవలసి వస్తుంది. ఇక్కడ 22 అంగుళాల ఎత్తు, 16 అంగుళాల చదరపు పలక లెక్కలోకి తీసుకుంటున్నాను. పలక మందం 1 అంగుళం. కాళ్లు 2 అంగుళాల చదరం, 21 అంగుళాల పొడవు. అడ్డపట్టీలు 3 అంగుళాల వెడల్పు, 1 అంగుళం మందం. పలక నాలుగు వైపులా అంగుళం బయటికి రావాలంటే కాళ్లూ అడ్డపట్టీలూ కలిసిన చట్రం 14 అంగుళాలు ఉండాలి. అప్పుడు రెండు కాళ్ల మధ్య 10 అంగుళాలు మిగులుతాయి. కోతలో, చిత్రికలో పోయే తరుగుతో కలిపి ఒక బల్లకు ముప్పావు ఘనపుటడుగు కలప చాలు. 5 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందం ఉన్న 7 అడుగుల దర్వాజా నిలువు చెక్క దొరికితే, చెడిన చివరలు తీసేసి మూడు ముక్కలు చేసి, ఒక్కొక్కదాన్ని నిలువునా చీరిస్తే ఆరు కాళ్లు వస్తాయి.

ఈ నిలువు కోతలు అపార్టుమెంటు బాల్కనీలో చేసే పని కాదు. అడితి దగ్గరి కోత మిల్లులో కూలి ఇచ్చి చీరించుకోండి. అంతకుముందు అయస్కాంతాన్ని చెక్క మీద నెమ్మదిగా నడిపించి, లోపల విరిగి ఉండిపోయిన మేకులన్నీ తీయాలి. ఒక్క మేకు మిగిలినా రంపం పళ్లు పోతాయి, పక్కనున్న మనిషికి ప్రమాదం. ఇంట్లో చేయవలసిన పనికి చేతి రంపం, 10 మిల్లీమీటర్ల ఉలి, చిన్న చిత్రిక, మూలమట్టం, డ్రిల్, రెండు క్లాంపులు సరిపోతాయి. కొత్తవి రాణిగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరుకుతాయి. కోసి తెచ్చిన చెక్కలను వెంటనే బిగించకుండా, మధ్య మధ్య సన్నని పుల్లలు పెట్టి పేర్చి, బల్ల ఉండబోయే గదిలోనే రెండు మూడు వారాలు వదిలేయండి.

ఇక అసలు పని కీళ్లది. అడ్డపట్టీ చివర సన్నగా చెక్కే నాలుకను కుసి అంటారు. ఇక్కడ కుసి మందం 10 మిల్లీమీటర్లు, పొడవు ముప్పావు అంగుళం. అంటే ఒక్కో అడ్డపట్టీని పదకొండున్నర అంగుళాలకు కోయాలి. కుసి పొడవు ఇంతకు మించితే పక్క ముఖం నుంచి వచ్చే రెండో కుసికి లోపల తగులుతుంది. మొదట కాలిలో రంధ్రం తొలిచి, ఆ తర్వాత దానికి సరిపోయేలా కుసిని కొద్దికొద్దిగా చెక్కడం సులువు, ఎందుకంటే రంధ్రాన్ని సరిదిద్దడం కంటే కుసిని పలుచన చేయడం తేలిక. అరచేతి ఒత్తిడితో దిగాలి. సుత్తి దెబ్బ అడిగితే ఇంకా మందంగా ఉన్నట్టు, దానంతట అదే జారిపోతే వదులైనట్టు. ఫెవికాల్ రాసి బిగించాక చట్రం రెండు కర్ణాలను కొలవండి. అవి సమానంగా ఉంటేనే మూలలు సరిగ్గా ఉన్నట్టు. క్లాంపులు చాలకపోతే నులక తాడు చుట్టూ కట్టి, కర్రతో మెలిపెట్టి బిగించి ఒక రాత్రి ఉంచవచ్చు. ఆరిన తర్వాత ఒక్కో కీలుకు సన్నని రంధ్రం వేసి వెదురు మేకు దిగగొడితే జిగురు పట్టు సడలినా కీలు ఊడదు.

పలకను చట్రానికి బిగించే చోట నేను చేసిన పొరపాటు మీరు చేయవద్దు. నా మొదటి బల్లను వానాకాలంలో చేసి, పలకను నాలుగు వైపులా జిగురుతో అతికించాను. ఏప్రిల్ వచ్చేసరికి పలక నడిమికి చీలింది. చెక్క పొడవులో దాదాపు మారదు కానీ, అడ్డంగా మాత్రం వానాకాలం తేమకు ఉబ్బి, ఎండాకాలం పొడిగాలికి కుంచించుకుపోతుంది; 16 అంగుళాల పలకలో ఆ తేడా రెండు మూడు మిల్లీమీటర్ల దాకా ఉండవచ్చు. జిగురు దాన్ని కదలనివ్వకపోతే చెక్క తనను తానే చీల్చుకుంటుంది. అందుకని పలకలోని చెక్క గీతలకు అడ్డంగా ఉండే రెండు అడ్డపట్టీల లోపలి వైపు, పై అంచుకు సమంగా, అంగుళం చదరపు పట్టీలు అతికించండి. ఒక్కో పట్టీలో మూడు రంధ్రాలు వేయాలి: నడిమిది గుండ్రంగా, అటూ ఇటూ ఉన్నవి పట్టీ పొడవునా సాగిన గాడుల్లా. కింది నుంచి వాషర్‌తో సహా ఒకటిన్నర అంగుళాల స్క్రూ బిగిస్తే అర అంగుళమే పలకలోకి దిగుతుంది. నడుమ నిలకడగా ఉండి, పలక రెండు వైపులకూ స్వేచ్ఛగా కదులుతుంది. పలకను మూడు చెక్కలు కలిపి చేస్తున్నట్టయితే ఆ చెక్కలను ఒకదానితో ఒకటి జిగురుతో అతకవచ్చు, ఎందుకంటే అవన్నీ ఒకే దిశలో కదులుతాయి.

పై ముఖానికి ఇనుప తీగల బ్రష్‌ను గీతల వెంట గట్టిగా రుద్దితే మెత్తటి భాగం రాలిపోయి గట్టి గీతలు తేలుతాయి. ఆ తర్వాత 120 నంబరు గరుకు కాగితంతో ముళ్లు మాత్రం తీసి, అంచులు మొద్దుబార్చండి. ఇంట్లో పిల్లలుంటే మూలలను మరికొంచెం గుండ్రం చేయాలి. పాత మేకుల చుట్టూ ఉన్న నల్లటి మచ్చలను నేను చెరపను. తుమ్మ చెక్క వాడినవారికి ఒక చక్కటి మార్గం ఉంది: ఇనుప పీచును వెనిగర్‌లో కొన్ని రోజులు నానబెట్టి, వడకట్టి పూస్తే చెక్కలోని టానిన్ అనే వగరు పదార్థంతో ఇనుము కలిసి కొద్ది నిమిషాల్లోనే లోతైన నలుపు వస్తుంది. గిన్నెపై మూత బిగించవద్దు, వాయువు వెలువడుతుంది.

పూతకు అవిసె నూనె నాకు ఇష్టం. వేడి కప్పు మచ్చ పడినా ఆ చోటు మాత్రమే రుద్ది మళ్లీ నూనె పట్టించవచ్చు; వార్నిష్ పొర అయితే మచ్చ తీయడానికి పలకంతా గీకవలసి వస్తుంది. పలుచగా పూసి, పావుగంట తర్వాత మిగిలినదంతా తుడిచేసి, బాగా ఆరాక మళ్లీ పూయాలి. ఆ నూనె గుడ్డలను ముద్ద చేసి మూల పడేయకండి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడికి గుడ్డలు వాటంతట అవే అంటుకోవచ్చు. విడివిడిగా పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లలో ముంచండి.

చివరిగా బల్లను వంటింటి గ్రానైట్ గట్టు మీద నిలబెట్టి చూడండి. ఇంట్లో అంత సమంగా ఉండే చోటు మరొకటి దొరకడం అరుదు. ఊగితే పొడవైన కాలిని కొద్దిగా అరగదీయాలి. మన ఇళ్లలో నేల రోజూ తడిబట్టతో తుడుస్తారు, కాళ్ల అడుగున తెరుచుకున్న చెక్క రంధ్రాలు ఆ నీటిని పీల్చుకుంటాయి. అందుకే అడుగు భాగాలకు నూనె ఇంకినంత పట్టించి, ఆరాక తేనె మైనం రుద్ది, రబ్బరు బిళ్లలు అతికించిన తర్వాతే బల్లను సోఫా పక్కన పెట్టండి.